బొమ్మ ట్యాంకు నిజం బండిలా కనపడాలంటే: టీ-34కి షేడింగ్, వెదరింగ్

ట్యాంకు మోడల్ కిట్ అతికించడం అయిపోయింది, ఆకుపచ్చ రంగు కొట్టారు, డెకాల్స్ (నంబర్లు, గుర్తుల స్టిక్కర్లు) అంటించారు, తీరా రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే తిరణాల్లో కొన్న ప్లాస్టిక్ బొమ్మలా ఉంది. నా మొదటి మూడు ట్యాంకులూ ఇంతే. తప్పు అతికించడంలో లేదు, రంగు షేడ్‌లో కూడా లేదు. 1/35 స్కేల్లో, అంటే నిజం బండిలో 35వ వంతు సైజులో, టీ-34/85 అనే సోవియట్ ట్యాంకు హల్ (కింది ఇనుప పెట్టె) పొడవు 17 సెంటీమీటర్ల చిల్లర, అంత చిన్న వస్తువు మీద గదిలో ట్యూబ్‌లైట్ వెలుతురు అన్ని వైపులా ఒకేలా పడిపోద్ది. నిజం బండి 32 టన్నుల ఇనుము, ఎండలో నిలబెడితే టరెట్ (గన్ ఉండే తిరిగే గుమ్మటం) కింద చీకటి, ఫెండర్ (చైను మీది మడ్‌గార్డు) కింద ఇంకా చీకటి, పై డెక్ మీద కళ్లు చెదిరే వెలుగు. ఆ నీడలు మోడల్ మీద వాటంతట అవి రావు, మనమే రంగుతో వేయాలి, షేడింగ్ అంటే అదే. వెదరింగ్ సంగతి వేరు, ఆ బండి ఎక్కడ తిరిగింది, ఎన్నాళ్లు తిరిగింది, దాని మీదకి ఎవరు ఎక్కారు దిగారు అన్నది అందులో తెలియాలి.

అందుకే బ్రష్ పట్టుకునే ముందు బండికి ఒక ఊరూ ఒక నెలా పెట్టుకోండి. నేనిక్కడ చెప్పేది 1944 వేసవి, బెలారస్, ఆపరేషన్ బగ్రాతియోన్ (జర్మన్ల మీద సోవియట్ల పెద్ద దాడి) టైంలో టీ-34/85. 85 మిల్లీమీటర్ల గన్ ఉన్న ఈ మోడల్ యూనిట్లకి రావడం మొదలైందే ఆ సంవత్సరం మొదట్లో, అంటే మన బండి వయసు నెలల్లోనే. నెలల వయసు బండికి పొరలు పొరలుగా తుప్పు పట్టదండీ. చాలామంది చేసే మొదటి పొరపాటు ఇదే, తుప్పు రంగు సీసా కొన్నాం కదా అని బండంతా పూసేస్తారు, చూస్తే పాత ఇనుప సామాన్ల కొట్లో పదేళ్లు పడున్న బండిలా ఉంటది. ఈ బండి మీద ఉండాల్సింది దుమ్ము, ఎండిన బురద, డీజిల్ మరకలు, పొగ మసి, అక్కడక్కడ గీకుళ్లు. అదే 1945 ఏప్రిల్లో బెర్లిన్ బండి చేస్తుంటే టరెట్ చుట్టూ తెల్ల పట్టీ ఉంటది, పైనుంచి విమానాలు గుర్తుపట్టడానికి వేసింది, ఆ తెలుపు మాసిపోయి ఎలా కనపడాలి అన్నది ఇంకో పెద్ద పని.

ట్యాంకు మనకెక్కడ దొరుకుద్ది చూడ్డానికి అంటారా, జేసీబీని చూడండి. మాది విజయవాడ, నేను ఆటోనగర్ పోయి గంటలు గంటలు లారీల వెనక నిలబడి ఫొటోలు తీస్తా, అక్కడ మెకానిక్‌లకి నేను బాగానే అలవాటైపోయా, మొదట్లో మాత్రం ఫైనాన్స్ వాడనుకున్నారు. డీజిల్ ట్యాంక్ మూత కింద చూడండి, కారిన డీజిల్ మీద దుమ్ము అంటుకుని ఒక నల్లటి నాలుకలాగా కిందికి దిగుద్ది, మధ్యలో మెరుస్తా అంచుల్లో మట్టి రంగుకి మారిపోద్ది. జేసీబీ బకెట్ పళ్లు తళతళా, బకెట్ లోపల వెండిలా, పక్కల మాత్రం పసుపు రంగు అలాగే ఉంటది. డ్రైవర్ ఎక్కే మెట్టు అరిగి ఉంటది, పక్కనే అరచెయ్యి దూరంలో రంగు కొత్తగా ఉంటది. అరుగుడు ఎప్పుడూ ఒక పని వల్లే వస్తుంది, ఊరికే రాదు. ఇది కళ్లకి అలవాటైతే సగం వెదరింగ్ వచ్చేసినట్టే.

సామాను సంగతి తొందరగా చెప్పేస్తా. గాలితో రంగు చిమ్మే 0.3 నాజిల్ ఎయిర్‌బ్రష్, చిన్న కంప్రెసర్, టమియా కంపెనీ ఆక్రిలిక్స్ ఓ పది సీసాలు (కింద ఎక్స్‌ఎఫ్, ఎక్స్ అని వచ్చేవి వాటి నంబర్లే), ఆయిల్ కలర్ ట్యూబులు నాలుగు (బర్న్ట్ అంబర్, రా అంబర్, ఎల్లో ఆకర్, తెలుపు), వాసన తక్కువుండే వైట్ స్పిరిట్ (ఆయిల్, ఎనామెల్ రంగుల్ని పలచన చేసేది), మంచి సన్న బ్రష్ ఒకటి, పనికిరాని పాత బ్రష్షులు చాలా. ఆయిల్ కలర్స్‌కి ఫారిన్ ట్యూబులే కావాలని లేదు, స్టేషనరీ షాపులో దొరికే కామెల్ ఆర్టిస్ట్ ఆయిల్ కలర్స్‌తో నేను నాలుగేళ్లుగా చేస్తన్నా. కిటికీ తీసి మాస్క్ పెట్టుకుని కొట్టండి, లాకర్ థిన్నర్ వాసన ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఇక బేస్. సోవియట్ బండ్లకి వాడిన ఆకుపచ్చని 4బీఓ అంటారు, దాని అసలు షేడ్ ఏంటి అన్న గొడవ ఎప్పటికీ తెగదు, నేనైతే ఎక్స్‌ఎఫ్-58 ఆలివ్ గ్రీన్‌లో ఎక్స్‌ఎఫ్-60 డార్క్ ఎల్లో కొంచెం వేసి కలుపుతా. ముందు ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలి పూత) మీద నల్లగా, అంటే నల్లటి నలుపు కాదు, ఎక్స్‌ఎఫ్-64 రెడ్ బ్రౌన్‌లో నలుపు కలిపి, టరెట్ కింద, ఫెండర్ల కింద, చక్రాల వెనక, ఇంజిన్ గ్రిల్ సందుల్లో కొట్టండి, దీన్నే ప్రీ-షేడింగ్ అంటారు. దాని మీద బేస్ రంగు పలచగా, ఒక పాలు రంగుకి రెండు పాళ్లు థిన్నర్, 15 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర, పొరలు పొరలుగా. ప్యానెల్ మధ్యలో రెండు మూడు పొరలు, అంచుల్లో ఒక పొర. చీకటి కొంచెం కింద నుంచి తొంగిచూడాలి, అంతే. ఒకేసారి దట్టంగా కొట్టేస్తే కింద వేసినదంతా పూడిపోద్ది, అప్పుడు ప్రీ-షేడింగ్ చేసిన శ్రమ బూడిదలో పోసినట్టే.

దీని తర్వాత కలర్ మాడ్యులేషన్. ఆడమ్ వైల్డర్, మిగ్ హిమెనెస్ లాంటి మోడలర్లు పాపులర్ చేసిన పద్ధతి ఇది, ఒక్కో ప్లేట్‌ని పై వైపు లేతగా కింద వైపు ముదురుగా చేసి, పక్కపక్క ప్లేట్లు ఒకదానికొకటి తేడాగా కనపడేలా చేయడం. టీ-34కి ఇది బాగా కుదురుద్ది, ఎందుకంటే చక్రాల పైన ఉండే దాని పక్క ప్లేట్లు ఏటవాలే, వెలుగు పై అంచున పడి కిందికి తగ్గుతా వస్తది. ఒక ముఖ్యమైన మాట, ఆకుపచ్చని లేత చేయడానికి తెలుపు కలపొద్దు. తెలుపు కలిపితే పెప్పర్‌మెంట్ బిళ్ల రంగు వస్తది, ఎంత దుమ్ము కొట్టినా ఆ మిఠాయి రంగు పోదు. ఎక్స్‌ఎఫ్-57 బఫ్ గానీ ఎక్స్‌ఎఫ్-60 గానీ కలపండి, ఎండకి వెలిసిన ఆకుపచ్చ వస్తది. ఇంకోటి, ఈ స్టేజిలో తేడా మీకు నచ్చినదానికంటే ఎక్కువగా, కొంచెం ఎబ్బెట్టుగా ఉండాలి. తర్వాత వేసే ప్రతి పొరా దాన్ని మందగించేస్తది, ఇప్పుడే సరిగ్గా ఉంటే చివర్లో ఏమీ మిగలదు. కూరలో ఉప్పు సంగతికి ఇది రివర్స్ అన్నమాట.

ఇప్పుడు ఒక పూట ఆగండి, ఎందుకంటే ఇక్కడే నేను ఒక బండి పోగొట్టుకున్నా. పొరల వరస ఎందుకు ముఖ్యమో చెప్తా. కింద ఆక్రిలిక్ లేదా లాకర్, మధ్యలో క్లియర్ కోటు (రంగు లేని రక్షణ పూత), పైన ఎనామెల్ వాష్ (సందుల్లో నిలిచే పలచటి ముదురు రంగు), ఆయిల్స్, అన్నిటికంటే పైన పిగ్మెంట్ పొడులు. పూర్తిగా ఆరిన ఆక్రిలిక్‌ని మంచి వైట్ స్పిరిట్ పెద్దగా ఏమీ చేయదు, అందుకే పైన వాష్ నచ్చకపోతే స్పిరిట్‌తో తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు. నేనేం చేశానంటే, క్లియర్ కోటు ఎందుకులే, రేపు ఎలాగూ మ్యాట్ (మెరుపు తీసేసే పూత) కొట్టాలి కదా అని వదిలేసి, పైగా హార్డ్‌వేర్ షాపులో లీటర్ల లెక్కన అమ్మే టర్పెంటైన్ తెచ్చి దాంతో వాష్ కలిపా. ఇయర్‌బడ్‌తో తుడుస్తుంటే ఆకుపచ్చ రంగే ఊడి బడ్‌కి వచ్చేసింది. అది సరే అనుకుంటే, తెల్లారి చూస్తే రెండు సస్పెన్షన్ ఆర్మ్‌లు పుటుక్కున విరిగి చక్రాలు కిందపడి ఉన్నాయి. వాష్ అక్కడ మడుగు కట్టి, ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌లోకి దిగి పెళుసు చేసేసింది. అప్పట్నుంచి ఎక్స్-22 క్లియర్ పలచగా రెండు కోట్లు, 24 గంటలు ఆరబెట్టడం, చక్రాల దగ్గర స్పిరిట్ మడుగు కట్టకుండా చూసుకోవడం. క్లియర్ మీద డెకాల్స్ కూడా మెరుపు తేడా లేకుండా కూర్చుంటాయి.

వాష్ అంటే బండి మొత్తం మురికి నీళ్లలో ముంచడం కాదు. పాతకాలంలో అలాగే చేసేవాళ్లు, 80ల్లో వెర్లిండెన్ లాంటి మోడలర్లు వాష్, డ్రైబ్రష్ (దాదాపు పొడి బ్రష్‌తో అంచుల మీద రుద్దడం) రెండిట్లోనే అద్భుతాలు చేశారు, కానీ ఇప్పుడు పిన్ వాష్ చేస్తాం. బర్న్ట్ అంబర్‌లో చిటికెడు నలుపు, దానికి తొమ్మిది పదింతలు స్పిరిట్, సన్న బ్రష్ మొనతో ఒక్క రివెట్ పక్కన, ఒక్క వెల్డ్ లైన్ మొదట్లో తాకిస్తే చాలు, అది దానంతట అదే లైన్ వెంబడి పాక్కుంటా పోద్ది. చూడ్డానికి భలే ఉంటది. పది పదిహేను నిమిషాలాగి స్పిరిట్‌లో తడిపి పిండేసిన బ్రష్‌తో అంచులు లాగేయండి, లోపల మాత్రం ఉండనివ్వండి. ఆకుపచ్చ బండికి వాష్ పచ్చి నలుపు వద్దు, గోధుమ వైపు ఉండాలి, నలుపు వేస్తే కార్టూన్ గీతల్లా కనపడతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన స్టేజి ఆయిల్స్. ముందు ట్యూబ్‌లోంచి రంగుని ఒక అట్టముక్క మీద పెట్టి గంటో రెండు గంటలో వదిలేయండి, అందులో ఉండే లిన్సీడ్ ఆయిల్ అట్ట పీల్చేసుకుంటది, అట్ట మీద రంగు చుట్టూ జిడ్డు మచ్చ కనపడుద్ది. ఇలా చేస్తే తొందరగా ఆరుద్ది, మెరుపు రాదు. తర్వాత ప్యానెల్ మీద అసలు స్పిరిట్ తడి కనపడనంత తక్కువ తడి చేసి, ఆవగింజంత చుక్కలు పెట్టండి, ఎల్లో ఆకర్ ఒకటి పైన, రా అంబర్ ఒకటి కింద మూలలో, తెలుపు ఎక్కడో ఒకటి. తర్వాత పొడి ఫ్లాట్ బ్రష్‌తో నిలువు ప్లేట్లయితే పైనుంచి కిందికి లాగండి, వాన కారే దారిలో. పడుకున్న ప్లేట్లయితే లాగొద్దు, పొడిచినట్టు చిన్నగా కొట్టండి, మరక మరకలుగా కలిసిపోవాలి. ప్రతి నాలుగైదు సార్లకి బ్రష్‌ని గుడ్డకి తుడవండి, తడిసిన బ్రష్‌తో లాగితే వేసిందంతా తుడుచుకుపోతది. సగం గంట పనికి ఒక ప్లేట్ వస్తది, ఒక సాయంత్రం మొత్తం టరెట్ ఒక్కటే చేసుకోండి, తొందరేం ఉంది. టీ-34 టరెట్ పోత పోసింది కాబట్టి గరుకుగా ఉంటది, ఆయిల్ ఆ గుంటల్లో నిలబడి పైకి గరుకుదనం తనే చూపిస్తది.

వానాకాలంలో మనవైపు ఆయిల్స్ ఆరడానికి చుక్కలు కనపడతాయి, నేను టేబుల్ లాంప్ కింద ఒక అట్టపెట్టెలో పెట్టి రెండ్రోజులు వదిలేస్తా. అలాగే వాన పడుతుంటే మ్యాట్ వార్నిష్ కొట్టకండి, గాల్లో తేమకి అది తెల్లగా బూజు పట్టినట్టు అయిపోద్ది, రెండు నెలల పని మీద పాలు పోసినట్టుంటది. ఒకవేళ అయిపోతే గాభరాపడి గీకొద్దు, పొడి రోజు చూసి పైన పలచగా మెరిసే (గ్లాస్) కోటు వేస్తే చాలాసార్లు ఆ తెలుపు పోద్ది.

గీకుళ్లు, అంటే చిప్పింగ్. ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి, 1/35లో మోడల్ మీద 1 మిల్లీమీటర్ అంటే నిజం బండి మీద 35 మిల్లీమీటర్లు. మీరు బ్రష్‌తో ఒక చుక్క అలా పెట్టారనుకోండి, నిజం బండి మీద రెండు వేళ్ల వెడల్పున రంగు ఊడిపోయినట్టు. అందుకే చిప్స్ చుక్కల కంటే పొడి మచ్చల్లా ఉండాలి. ప్యాకింగ్‌లో వచ్చే స్పాంజి ముక్కని గోటితో పీకి గరుకుగా చేసి, ముదురు గోధుమ రంగులో ముంచి, కాగితం మీద తొంభై శాతం తుడిచేసి, హ్యాచ్ అంచుల్లో, ఫెండర్ మూలల్లో మెల్లగా అద్దండి. దానికంటే ముందు బేస్ రంగుకే కొంచెం బఫ్ కలిపి ఆ లేత ఆకుపచ్చతో అద్ది, దాని మధ్యలో మాత్రమే ముదురు పెడితే, పైపొర మాత్రమే గీరుకుపోయిన చోటు, ఇనుము దాకా పోయిన చోటు రెండూ వేరువేరుగా కనపడతాయి. వెండి రంగు మాత్రం వద్దు, మెరిసే ఇనుము రోజూ రుద్దుకునే చోటే ఉంటది.

హెయిర్‌స్ప్రే పద్ధతి ఇంకో రకం, చలికాలం తెల్ల సున్నం వేసిన బండ్లకి దాన్ని మించింది లేదు. ఆకుపచ్చ మీద క్లియర్, దాని మీద మామూలు హెయిర్‌స్ప్రే రెండు పలచటి కోట్లు, ఆరాక ఆక్రిలిక్ తెలుపు, అది ఆరిన కొద్దిసేపటికే గోరువెచ్చటి నీళ్లు రాసి గట్టి బ్రష్‌తో రుద్దితే కింద హెయిర్‌స్ప్రే కరిగి తెలుపు పెచ్చులుగా లేస్తది. పై రంగుని లాకర్ థిన్నర్‌తో కలిపితే అది కిందికి కొరికి పట్టుకుని లేవదు, నీళ్లతో కలపండి. రేపు చేద్దాం అని వదిలేస్తే కూడా మొండికేస్తది.

చైన్ల దగ్గరికొద్దాం. టీ-34కి రిటర్న్ రోలర్లు (పై చైనుని మోసే చిన్న చక్రాలు) లేవు, పై చైను చక్రాల మీదే వాలి ఉంటది, రబ్బరు టైర్ల మీద బరువు పడుద్ది కాబట్టి టైర్ల మీద నలుపు కాకుండా దుమ్ము పట్టిన ముదురు బూడిద రంగు వేసి, అంచుల్లో అరిగినట్టు చేయండి. చైను లింకుల్లో ఒకటి వదిలి ఒకదానికి మధ్యలో పన్ను ఉంటది, అది జంట చక్రాల మధ్యలోంచి పోద్ది, వెనక డ్రైవ్ చక్రం లాగేది కూడా ఆ పళ్లనే పట్టుకుని. అంటే మెరుపు మూడు చోట్ల, ఆ పళ్లకి రెండు పక్కలా, చక్రాల లోపలి ముఖాలకి, నేలకి ఆనే చైను గరుకు ముఖానికి. మొత్తం చైనుకి ముదురు గోధుమ వేసి, దుమ్ము వాష్ చేసి, ఆరాక ఈ మూడు చోట్ల 4బీ పెన్సిల్‌తో రుద్దండి. గ్రాఫైట్ మెరుపు ముందు ఏ మెటాలిక్ పెయింటూ నిలబడదు, పది రూపాయల పెన్సిల్ అది. చైనులకి పైపై నారింజ తుప్పు మాత్రం పర్లేదు, రాత్రి వాన పడితే తెల్లారేసరికి పడుద్ది, మళ్లీ కిలోమీటర్ నడిస్తే పోద్ది.

దుమ్ము బురద. ఇక్కడ మనోళ్లందరం ఒక్కసారైనా చేసే పని నేనూ చేశా, నూజివీడు దగ్గర చుట్టాల మామిడితోట నుంచి ఎర్రమట్టి తెచ్చి, జల్లించి, ఒరిజినల్ మట్టి కదా అని గర్వంగా పూశా. ఇటుకల బట్టీ ట్రాక్టర్‌లా తయారైంది బండి. ఉక్రెయిన్ వైపు నేల చెర్నోజెమ్, నల్లటి సారవంతమైన మట్టి, రంగుకి మన గుంటూరు నల్లరేగడి దగ్గరగా ఉంటది, తడి బురదకి ఆ రంగు చూసుకుని కలుపుకోవచ్చు. బెలారస్ వేరు, ఇసుక పాలు ఎక్కువ, చిత్తడి నేలలు, కాబట్టి రోడ్డు దుమ్ము లేత బూడిద కలిసిన గోధుమ, చిత్తడిలో దిగిన చోట ముదురు. మట్టి వాడితే వస్త్రగాళితం పట్టాలి, పలచటి నైలాన్ గుడ్డలో, లేకపోతే ఒక్కో రేణువు స్కేల్లో గులకరాయంత కనపడుద్ది. సాఫ్ట్ పాస్టెల్ కడ్డీలు బ్లేడుతో గీకినా మంచి పొడి వస్తది, రంగు కూడా మన చేతిలో ఉంటది.

పూసే పద్ధతి మూడు దఫాలు. మొదట ఎయిర్‌బ్రష్‌తో ఎక్స్‌ఎఫ్-57 బాగా పలచన చేసి, ఒకటికి ఆరేడు పాళ్లు, కింద మూడో వంతు మీద పొగలా కొట్టండి. తర్వాత పొడి పిగ్మెంట్ బ్రష్‌తో మూలల్లో, చక్రాల బోల్టుల చుట్టూ, ఫెండర్ల పైన పోసి, బ్రష్ మొనతో స్పిరిట్ చుక్క తాకించండి, అది లాక్కుని ఆరాక అక్కడే కూర్చుంటది. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనపడి, అయ్యో ఎక్కువైందే అనిపిస్తది, కంగారుపడొద్దు, ఆరితే లేతైపోద్ది. చివరగా బురద చిందులు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కొంచెం, పిగ్మెంట్, ఆక్రిలిక్ మీడియం కలిపి ముద్ద చేసి, గట్టి బ్రష్‌కి అంటించి, ఎయిర్‌బ్రష్ గాలి మాత్రమే దాని మీదకి వదిలితే చిమ్ముకుంటా పోద్ది. టరెట్‌కి ముందే కాగితం చుట్టండి. పాత బురద లేత రంగులో ముందు, కొత్త బురద ముదురుగా తర్వాత, తక్కువ చోట్ల. ముందు చక్రం వెనక, వెనక ఫెండర్ కింద ఎక్కువ, మధ్యలో తక్కువ, ఎందుకంటే చైను విసిరేది అక్కడే. ఒక దఫా అయ్యాక పొద్దున్న వెలుతుర్లో చూసి తర్వాత దానికి పోండి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద అంతా తక్కువగానే అనిపిస్తది.

వెనక ప్లేట్‌కి రెండు పొగ గొట్టాలు, వీ-2 డీజిల్ ఇంజిన్, 500 హార్స్‌పవర్, స్టార్ట్ చేస్తే నల్లగా కక్కుద్ది. గొట్టం నోటి దగ్గర పచ్చి నలుపు పిగ్మెంట్, చుట్టూ పోను పోను గోధుమలో కలిసిపోవాలి, ఎయిర్‌బ్రష్‌తో ఎక్స్‌ఎఫ్-1లో గోధుమ కలిపి దాదాపు నీళ్లంత పలచగా ఐదారు సార్లు. పక్కన తగిలించిన డీజిల్ పీపాల మూతల కింద ఆటోనగర్‌లో చూసిన ఆ నల్ల నాలుక గీయండి, రా అంబర్‌లో కొంచెం మెరిసే వార్నిష్ కలిపి, నాలుక మధ్యలో తడి మెరుపు, అంచుల్లో పిగ్మెంట్. ఒక పీపాకి వేస్తే ఇంకోదానికి వేయకండి, రెండిటికీ ఒకేలా కారదు.

ఇంకొక్కటి ఉంది, చాలామంది వదిలేసేది. ఈ బండ్ల మీద సైనికులు ఎక్కి కూర్చుని యుద్ధానికి పోయేవాళ్లు, రష్యన్‌లో దెసాంత్ అంటారు, వాళ్లు పట్టుకోవడానికే టరెట్ పక్కల, హల్ మీద ఇనుప కడ్డీలు వెల్డ్ చేసి ఉంటాయి. కాబట్టి బురద కింద మాత్రమే ఉండదు, ఇంజిన్ డెక్ మీద బూట్ల మట్టి ఉంటది, ఎక్కేది వెనక నుంచీ పక్కల నుంచీ కాబట్టి అక్కడ ఎక్కువ, గన్ పక్క ముందు ప్లేట్ మీద తక్కువ. పిగ్మెంట్ అద్ది, వేలికి టిష్యూ చుట్టి మధ్యలో తుడిచేస్తే మనుషులు కూర్చుని రుద్దుకుపోయిన జాగా వస్తది. దీని మీద వార్నిష్ కొట్టకండి, కొడితే పొడంతా మాయమైపోద్ది, ఇక నుంచి బండిని బారెల్ దగ్గరో చక్రాల దగ్గరో కాకుండా కింద హల్ పట్టుకునే లేపండి. ఆ కడ్డీలు ఒక్కోటి పట్టుకుని మధ్యలో మాత్రం, రెండు చివర్లూ వదిలేసి, పెన్సిల్‌తో రెండు సార్లు గీయండి. చెయ్యి పడేది మధ్యలోనే.